ఆవిడ షష్టిపూర్తి

ప్రభవ మొదలు అక్షయ వరకు మన సంవత్సరాలు అరవై. ఆ అరవై ఏళ్ళలో బృహస్పతి ఇంచుమించు ఐదుసార్లు, శని రెండుసార్లు రాశిచక్రాన్ని చుట్టివస్తారు. పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ వచ్చినప్పుడు షష్టిపూర్తి చేసుకోవడం మన ఆచారం. అయితే దంపతులిద్దరూ పీటలమీద కూర్చున్నా ఆ లెక్క మాత్రం భర్త వయస్సుదే. ముప్ఫయ్యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పిన నాకు, ఈ లెక్కలోని లోపం మా శ్రీమతి చెప్పేదాకా కనిపించలేదు.

నా షష్టిపూర్తి 2021లో, ప్లవ నామ సంవత్సరంలో, దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కల్యాణమండపంలో జరిగింది. ఆనాడు ఆమె నా పక్కన పట్టుచీరతో కూర్చున్నా, చూపంతా వంటశాల వైపే ఉంది. ఆమె పుట్టింది 1965లో, విశ్వావసు కార్తీకంలో. ఆ విశ్వావసు 2025లో తిరిగి వచ్చింది. పిల్లలు నగ చేయిస్తామన్నారు. ఆమె వద్దంది.

"పీటలమీద కూర్చున్నది మీ అరవైకి కదండీ. నా అరవైకి నేను పుట్టినచోట ఒక్క రాత్రి ఉండాలని ఉంది" అంది.

ఆమె పుట్టినచోటు నాగార్జునసాగర్ పైలాన్ కాలనీ. మా మామగారు ఆనకట్ట కట్టేటప్పుడు అక్కడ రాతిపని మేస్త్రీ.

మా అబ్బాయి ఒక కారవాన్ అద్దెకు కుదిర్చాడు. అందులోనే పడకలు, పొయ్యి, నీళ్ళతొట్టి, స్నానాలగది. "ఇల్లుండగా బండిలో కాపురమేమిటి?" అని మొదట గొణిగాను. తర్వాత నా పాండిత్యం నాకే సర్దిచెప్పింది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరారు. పదిహేను నెలలకు పైగా పల్లకీలు, డేరాలే ఇల్లు. ఆ మాట ఉత్సాహంగా ఆమెకు చెప్పాను.

"ఆయనకు మోసేందుకు బోయీలున్నారు, వండేందుకూ ఎవరో ఉండే ఉంటారు. ఈ బండిలో వంట ఎవరిదో ముందు చెప్పండి" అంది.

నాదే అన్నాను. అనక తప్పలేదు.

నవంబరులో, పున్నమి దాటిన మూడోనాడు బయలుదేరాం. చైతన్యపురి మెట్రో స్తంభాల నీడ వదిలి, ఎల్.బి.నగర్ కూడలి దాటి సాగర్ రోడ్డు పట్టాం. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు. మధ్యాహ్నానికి పైలాన్ కాలనీ చేరి ఆమె పుట్టిన ఇంటికోసం వీధివీధీ తిరిగాం. వాళ్ళమ్మ చెప్పిన గుర్తులు ఒక్కటీ మిగల్లేదు. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనానికి నేనే భయపడ్డాను.

సాయంత్రం దూరంనుంచి ఆనకట్టను చూశాం. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. ఈ నడుమ వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చారు. ఆమె చాలాసేపు ఆ గోడవంకే చూసి, "ఇందులో మా నాన్న పెట్టిన రాయి ఏదో?" అంది.

"ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"తెలియక్కర్లేదు లెండి. గోడ నిలబడి ఉంది, చాలు."

నాకు జవాబు దొరకలేదు. మా ఇంటి గోడలో ఆమె పెట్టిన రాళ్ళను నేను ఏనాడు లెక్కపెట్టాను కనుక!

రాత్రి ఒక అతిథిగృహం ఆవరణలో, అనుమతి తీసుకుని, బండి నిలిపాం. నేను ఉప్మా చేశాను. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. రెండుసార్లు లేవబోయి, నా ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. ఉప్మా ఉండలు కట్టింది.

"ఉప్పు తక్కువైంది" అంటూనే పళ్ళెం ఖాళీ చేసింది.

ఆలస్యంగా చంద్రుడు పైకి వచ్చాడు. ఆ వెలుగులో ఆమె నాకన్నా ముందే నిద్రపోయింది. మా కాపురంలో అలా జరగడం నేను చూసినంతలో అదే మొదటిసారి.

చదువరులకు ఒక మనవి. మీ ఇంటి ఇల్లాలు ఏ నామ సంవత్సరంలో పుట్టిందో ఒకసారి పంచాంగంలో చూడండి. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం వంట నాదే. ఉప్మా మాత్రం ఇంకా ఉండలు కడుతూనే ఉంది.