గోడ లేపుతున్నారటగా, వదినగారూ!

వదినగారూ... ఓ వదినగారూ! ఇటు ఓసారి రండి. స్టవ్ ఆపేసే రండి. ఒక్క నిమిషమే అని అబద్ధం చెప్పను, మన నిమిషాల సంగతి ఇద్దరికీ తెలిసిందే.

ఇదిగో మీ గిన్నె. మేం హ్యూస్టన్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లే ముందురోజు పనసపొట్టు కూర పంపించారు చూడండి, అదే. ఐదు నెలలు మా అలమరలో కూర్చుంది పాపం. ఖాళీ గిన్నె ఇవ్వకూడదని పీకాన్ పప్పులు పోశాను. అక్రోటుకి పినతల్లి కూతురిలా ఉంటాయి, టెక్సాస్‌లో బాగా పండుతాయి. నాలుగు వేయించి పొడిచేసి పాయసంలో వేసి చూడండి.

అది సరేగానీ, సోమవారం మేస్త్రి వస్తున్నాడటగా? మన రెండిళ్ల మధ్య ఈ గోడ రెండు వరుసలు లేపుతారటగా? మా పనమ్మాయి చెప్పింది. మొన్న వానలకి మీ గడప దాకా నీళ్లొచ్చాయని కూడా చెప్పింది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే మన ఇళ్లు గుంటలో పడక ఏమవుతాయి చెప్పండి! లేపుకోండి, వద్దనడం లేదు. కానీ గోడలంటే గుర్తొచ్చింది, మీకు గాల్వెస్టన్ సంగతి చెప్పాలి.

గాల్వెస్టనండీ. హ్యూస్టన్ నుంచి కారులో గంట పైన. ఊరంతా ఓ దీవి మీదుంది. దీవంటే గుండ్రంగా ఉంటుందనుకునేరు, కాదు. నలభై కిలోమీటర్ల పైన పొడవు, వెడల్పు చూస్తే బాగా లావుగా ఉన్నచోట కూడా ఐదు కిలోమీటర్లకి మించదు. అచ్చం సొరకాయ ముక్క కోసి సముద్రం ఒడ్డున పడేసినట్టు. అటు సముద్రం, ఇటు ఉప్పుటేరులాంటి అఖాతం, మధ్యలో ఈ ఇసుక. మా అల్లుడుగారు కారు నడుపుతూ చెప్పుకొస్తున్నారు, ఇలాంటి దీవులు తీరానికి అడ్డంగా నిలబడి వెనకున్న నేలని కాపాడతాయని. నేనన్నాను, "అల్లుడుగారూ, మాకు కాకినాడలో హోప్ ఐలాండ్ ఉంది. గోదారి తెచ్చిన ఇసుక పేరుకుని అయింది. అది అడ్డం ఉండబట్టే మా రేవు లోపల నీళ్లు చెరువులా ఉంటాయి" అని. ఆయన అద్దంలోంచి నా వంక చూసి, "మరి మీకు కొత్తేం ఉంది అత్తయ్యగారూ" అన్నారు. కొత్త లేకపోవడమేంటి, ఐదు డాలర్ల టికెట్టే కొత్త!

అవునండీ, మనిషికి ఐదు డాలర్లు. పన్నెండేళ్ల దాకా పిల్లలకి లేదు. గాల్వెస్టన్ ఐలాండ్ స్టేట్ పార్క్ అని ప్రభుత్వం వాళ్ల పార్కు. మీ అన్నయ్యగారు గేటు దగ్గరే రూపాయల్లోకి మార్చేసి, "సముద్రం చూడ్డానికి టికెట్టా! మన సూర్యారావుపేట బీచికి ఎవడడిగాడు?" అని మొదలెట్టారు. అమ్మాయి నచ్చజెప్పింది, "నాన్నా, టికెట్టు సముద్రానికి కాదు, పార్కుకి. ఈ రాష్ట్రంలో సముద్రం ఒడ్డు జనం అందరిదీ అని 1959 లోనే చట్టం చేశారు. నీటి అంచు నుంచి గడ్డి మొలిచేదాకా ఉన్న ఇసుక మీద నడవొద్దనే హక్కు పక్కింటి కోటీశ్వరుడికి కూడా లేదు" అని. అది విన్నాక మీ అన్నయ్యగారి నడకే మారిపోయింది. గడ్డి మొలిచేదాకా మనదేనంటూ లుంగీ ఎగ్గట్టి అటు ఇటు తిరిగారు.

అసలు ముచ్చట ఆ గడ్డి దగ్గరే ఉంది. కార్లు ఆపిన చోటుకీ నీళ్లకీ మధ్య ఇసుక దిబ్బలు. వాటి మీదుగా వెళ్లడానికి చెక్కలతో వంతెన కట్టారు. దిబ్బ మీద మాత్రం అడుగు పెట్టకూడదట. నాకు అర్థం కాలేదు, ఇసుకేగా, తొక్కితే ఏం పోతుందని. వంతెన మీంచి వంగి చూశాను కదా, మన బీచ్ ఇసుకలో పాకుతుంది చూడండి ఊదా పూల తీగ, ఆకు మేక గిట్టలా మధ్యకి చీలి ఉంటుంది, అదే తీగ! పదివేల మైళ్లు దాటి వెళ్తే అక్కడ చుట్టం కనబడ్డట్టయింది. ఒక్కో కణుపు దగ్గర వేరు దింపి ఇసుకని పట్టుకుని ఉంది. గాలి తెచ్చిన ఇసుక ఆ తీగకీ ఆ గడ్డికీ తగులుకుని ఆగుతుంది, ఆగి ఆగి దిబ్బవుతుంది. మనిషి తొక్కితే తీగ చస్తుంది, తీగ చస్తే దిబ్బ లేచిపోతుంది, దిబ్బ లేకపోతే ఉప్పెనకి మొదటి మెట్టు లేదు. ఇంత కథ ఉంది ఆ పిసరంత తీగలో.

నీళ్లంటారా? నీలంగా ఉంటాయనుకున్నాను, సినిమాల్లో చూసి. తీరా చూస్తే మన ఉప్పాడ నీళ్లే! టీ రంగు. మిసిసిపీ నది తెచ్చే బురద ఒడ్డెంబడి పడమటికి జరుగుతూ వచ్చి కలుస్తుందట, చుట్టుపక్కల నదులది సరేసరి. మురికి కాదు, ఒండ్రు. గోదారి పక్కన పుట్టినదానికి ఒండ్రు నీళ్లు కొత్తా? మాఘపౌర్ణమి కాకపోయినా చీర కాస్త పైకి దోపుకుని దిగి, మూడు దోసిళ్లు నెత్తిన జల్లుకున్నాను. చుట్టూ వాళ్లు వేసుకున్న బట్టలు చూస్తే, ఆ మొత్తం ఒడ్డు మీద నిండుగా కట్టుకున్నది నేనూ, ఇంకో గుజరాతీ ముసలావిడా మాత్రమే. ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసి తలూపుకున్నాం.

ఇక తిండి. పులిహోర, పెరుగన్నం, చేగోడీలు పట్టుకెళ్లాం. అమ్మాయి ముందే చెప్పింది, పక్షులకి వెయ్యొద్దని. మనవడు వింటేనా? ఒక్క చేగోడీ విసిరాడు. నల్ల తల, తెల్ల ఒళ్లు ఉన్న పక్షి ఒకటి వచ్చి అందుకుంది. అంతే, ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలీదు, ముప్ఫై నలభై మూగాయి. పైగా వాటి అరుపు అరుపులా ఉండదు, పకపకా నవ్వినట్టుంటుంది. లాఫింగ్ గల్ అనే పేరు దానికి. మీ అన్నయ్యగారు నోటి దాకా తీసుకెళ్లిన చేగోడీని ఒకటి వెనకనించి వచ్చి ముక్కున తగిలించుకుని, ఉంగరం దొంగిలించినట్టు ఎగిరిపోయింది. ఎగిరిపోతూ నవ్వింది. ఆయనకి చేగోడీ పోయినందుకు కాదు కోపం, నవ్వినందుకు.

తాబేళ్లు కూడా వస్తాయట. మాకు కనబడలేదు గానీ బోర్డు ఉంది, చూస్తే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. మన హోప్ ఐలాండ్‌కి వచ్చేవి ఆలివ్ రిడ్లీలు కదా, చలికాలం చివర్లో, రాత్రిపూట. అక్కడివి వాటి దాయాదులు, కెంప్స్ రిడ్లీ అంటారు. ఏప్రిల్ నుంచి జూలై దాకా, అదీ పట్టపగలు వచ్చి గుడ్లు పెడతాయి! సముద్ర తాబేళ్లన్నింట్లో అవే చిన్నవి, అవే కరువైనవి. ఆ గుడ్లని జాగ్రత్తగా తవ్వి దక్షిణాన పాడ్రే ఐలాండ్‌కి తీసుకెళ్లి పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారట. మనవాళ్లూ చేస్తారుగా, ఫారెస్టు వాళ్లు కంచె కట్టి.

సాయంత్రం పార్కుకి వెనకవైపు, అఖాతం పక్కకి వెళ్లాం. ఒకే పార్కులో రోడ్డు దాటితే లోకమే మారిపోయిందండీ. ఇటు కెరటాల హోరు, అటు చప్పుడే లేదు. మోకాలెత్తు గడ్డి, మధ్యలో పాయలు, కొంగలు. చేపలు టపీమని ఎగిరి పడుతున్నాయి. ఆ గడ్డి మొదళ్లలోనే రొయ్య పిల్లలు పెరిగి పెద్దవై సముద్రంలోకి వెళ్తాయట. మన కోరంగి మడ అడవి చేసే పనే, అక్కడ గడ్డి చేస్తోంది. దోమలు మాత్రం మనవాటికన్నా ఏం తీసిపోవు. మీ అన్నయ్యగారు వెంటనే, "ఇక్కడ టికెట్టు లేకుండా వచ్చేవి ఇవే" అన్నారు.

ఆగండాగండి, గోడ సంగతికి వస్తున్నా.

తిరిగి వచ్చేటప్పుడు ఊరి మీదుగా వచ్చాం. ఊరి వైపు సముద్రానికి ఎదురుగా పెద్ద గోడ, పదిహేడడుగుల ఎత్తు. మైళ్లకి మైళ్లు దాని మీదే రోడ్డు, దాని మీదే జనం వాకింగులు. ఇది ఎందుకు కట్టారంటే, 1900 సెప్టెంబరు 8 న వచ్చిన ఉప్పెనకి. అప్పట్లో ఆ దీవి మీద అన్నిటికన్నా ఎత్తైన చోటు తొమ్మిదడుగులు కూడా లేదు. నీళ్లు పదిహేనడుగులు వచ్చాయి. ఆరు వేలమంది అంటారు, ఎనిమిది వేలంటారు, ఇంకా పైనే అంటారు. లెక్కపెట్టడానికి మిగిలిన వాళ్లుంటేగా. అమెరికాలో ప్రకృతి విపత్తుల్లో అంతమంది పోయింది ఇప్పటికీ అదొక్కసారేనట. గోడ మీద ఒక విగ్రహం పెట్టారు. ఒక మనిషి చెయ్యి పైకి చాచి ఉంటాడు, రెండో చేత్తో భార్యని పట్టుకుని, ఆవిడ దగ్గర పసిబిడ్డ. అప్పటిదాకా చేగోడీ గురించే సణుగుతున్న మీ అన్నయ్యగారు దాని ముందు నిలబడి ఒక్క మాట మాట్లాడలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు బియ్యం బస్తాలు తీసుకుని లారీ ఎక్కి వెళ్లినవాళ్లలో ఆయనా ఉన్నారు కదా. నలభై ఏడేళ్ల కాపురంలో నాకు కూడా అక్కడ ఏం చూశారో చెప్పలేదు. ఆ రోజూ చెప్పలేదు. కారెక్కాక మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంటానంటే, సీటు బెల్టు రూలని అల్లుడుగారు ఒప్పుకోలేదు. చెయ్యి మాత్రం పట్టుకుని కూర్చున్నారు.

గోడ ఒక్కటే కట్టి ఊరుకోలేదండీ వాళ్లు. ఊరు మొత్తాన్నే పైకి లేపారు! మన సందు చివర మూలింటి వాళ్లు పోయినేడు జాకీలు పెట్టి ఇల్లు లేపించారు చూడండి, మనమందరం కుర్చీలు వేసుకుని మరీ చూశాం. అలా ఇళ్లకి ఇళ్లు, చర్చిలకి చర్చిలు. మూడు వేల టన్నుల చర్చిని వందల జాకీలతో ఐదడుగులు లేపారట. లేపి, కింద సముద్రపు ఇసుక నీళ్లతో కలిపి గొట్టాల్లోంచి పోశారు. ఏళ్ల తరబడి ఆ ఊరి ఆడవాళ్లు చెక్క బల్లల మీద నడుస్తూ బజారుకి వెళ్లొచ్చారట. 1915 లో మళ్లీ పెద్ద తుఫాను వస్తే ఆ గోడే ఊరిని కాచింది.

అయితే ఒకటుంది. గోడ ముందు ఇసుక నిలవదు. కెరటం వచ్చి గోడకి కొట్టుకుని, వెనక్కి వెళ్తూ ఇసుకని లాక్కుపోతుంది. అందుకని ఎక్కడెక్కడి ఇసుకో తెచ్చి పోస్తూనే ఉండాలి. ఉప్పాడలో రాళ్లు పోసిన చోట మనం చూడటం లేదూ? గోడ ఆగిపోయిన పడమటి చివర రోడ్డు దిగేచోట చూస్తే ఒడ్డు లోపలికి కోసుకుపోయి ఉంది. పార్కు దగ్గరేమో గోడ లేదు, దిబ్బలే. 2008 లో ఐక్ తుఫాను ఆ పార్కుని ఊడ్చేసింది. వాళ్లు మళ్లీ కట్టారు, కానీ ఈసారి కాస్త వెనక్కి జరిగి కట్టి, 2022 లో సముద్రం వైపు తెరిచారు. అలాంటి దీవులు అసలు ఒక్కచోట ఉండవట. తుఫాను వచ్చినప్పుడల్లా ముందున్న ఇసుక వెనక్కి వచ్చి పడి, దీవి మెల్లగా నేల వైపుకి జరుగుతుందట. మరి జనం ఉన్న ఊరు జరగలేదుగా, దానికి గోడే గతి. ఎవరి అవసరం వాళ్లది.

అదే నేను చెప్పొచ్చేది. గోడ తప్పని చెప్పడం లేదు వదినగారూ. నీళ్లు ఎటునుంచి వస్తాయో అటు కట్టాలి కదా! మీ సముద్రం వీధి వైపుంది. గేటు దగ్గర గడప లేపించండి, మెట్టు లేపించండి, అవసరమైతే మూలింటి వాళ్ల జాకీలాయన నంబరు నేనిప్పిస్తాను. ఈ గోడ లేపితే ఆగేవి నీళ్లు కాదు, పనసపొట్టు కూర.

ఏంటీ? నీళ్లకి కాదా? కోతులకా! అన్నయ్యగారు అలా అన్నారా? కోతికి రెండు వరుసలు అడ్డమా అండీ? అరవై నాలుగేళ్లు వచ్చాయి, అడ్డమైతే నాకే. ఇప్పటికే మునివేళ్ల మీద నిలబడి మాట్లాడుతున్నాను.

సరే, అంతగా తప్పదంటే ఓ పని చెయ్యండి. మిగతా అంతా లేపేసుకుని, ఈ కరివేపాకు మొక్క దగ్గర ఓ రెండడుగులు మాత్రం వదిలెయ్యమనండి మేస్త్రిని. గిన్నె పట్టేంత. అదిగో, మీ అన్నయ్యగారు పిలుస్తున్నారు, టీ కోసం. సాయంత్రం రండి, అక్కడి పంటు సంగతి చెప్పలేదు. మన సఖినేటిపల్లి పంటులాంటిదే, కార్లన్నీ ఎక్కించుకుని అఖాతం దాటిస్తుంది. పైసా తీసుకోరు! అది విన్న మీ అన్నయ్యగారు మూడుసార్లు ఎక్కించారు మమ్మల్ని.