లెస్బోస్ గట్టున

టర్కీ పశ్చిమ తీరానికీ, గ్రీసుకు చెందిన లెస్బోస్ ద్వీపానికీ మధ్యనున్న సముద్రం కొన్నిచోట్ల పది కిలోమీటర్లకు మించదు. ద్వీపం ఉత్తరాన స్కాలా సికమ్నియాస్ అనే చిన్న జాలరిపల్లె ఉంది. దాని రేవులో నిలబడితే ఆవలి గట్టు కొండలు స్పష్టంగా కనిపిస్తాయి. గోదావరిని రాజమండ్రి దగ్గర చూసిన కళ్ళకు ఇది భయపడవలసిన దూరంగా తోచదు. అయినా ఈ నీటిలో వందలాది ప్రాణాలు కలిసిపోయాయి.

మేము టర్కీలోని ఐవాలిక్ పట్టణం నుండి ఓడలో వచ్చాము. పాస్‌పోర్టులో వీసా ముద్ర ఉన్నది కనుక గంటన్నరలో, టీ తాగుతూ, దిగిపోయాము. ఇదే నీటిని దాటడానికి సిరియా, అఫ్ఘానిస్తాన్ కుటుంబాలు తలకు వెయ్యి డాలర్లు, కొన్నిసార్లు అంతకు మించి దళారుల చేతిలో పోశాయి. బదులుగా వారికి దక్కినది గాలి నింపిన రబ్బరు పడవ. ఈ వార్తలు విన్నప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు: అంత సొమ్ము ఉన్నవారు టికెట్ కొనుక్కొని మామూలు ఓడలోనే రావచ్చు కదా?

రాలేరు. శరణు కోరే హక్కును ఐరోపా గుర్తించింది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం పుట్టినదే జెనీవాలో. కానీ ఆ హక్కును వినియోగించుకోవాలంటే ముందు ఐరోపా నేలపై కాలు మోపాలి. శరణు కోరడానికి వస్తామంటే ఇచ్చే వీసా లేదు. వీసా లేనివారిని ఎక్కించుకున్న ఓడలకూ విమానాలకూ జరిమానా విధించాలని ఐరోపా సమాఖ్య 2001 జూన్‌లో ఆదేశం జారీ చేసింది. ఇంట్లోకి వచ్చినవారికి అన్నం పెడతామని బోర్డు కట్టి, తలుపుకు తాళం వేసినట్లుంది ఈ ఏర్పాటు. ఆ తాళమే దళారికి జీవనాధారమయింది.

ద్వీపపు ముఖ్యపట్టణం మిటిలీని. ఓడరేవుకు ఉత్తరాన పాతపేట ఉంది. అక్కడ బిడ్డలను పొదువుకొని నిలుచున్న ఒక తల్లి విగ్రహాన్ని చూశాము. ఆమె సిరియా స్త్రీ కాదు. 1922లో అనతోలియా నుండి ప్రాణాలు అరచేతబట్టుకొని ఇదే నీటిని దాటి వచ్చిన గ్రీకు స్త్రీ. నేడు ఈ ద్వీపంలో ఉన్నవారిలో చాలామంది ఆనాటి కాందిశీకుల మనవలు, మునిమనవలే.

ఆ విగ్రహమున్న పేటలోనే యెని జామీ అనే పాత మస్జిదు శిథిలమై ఉంది. 1923 జనవరిలో లోసాన్‌లో కుదిరిన ఒప్పందం గ్రీసులోని ముస్లింలను టర్కీకీ, టర్కీలోని క్రైస్తవులను గ్రీసుకూ బలవంతంగా తరలించింది. లెస్బోస్ ముస్లింలలో అనేకులు ఎదుటనున్న ఐవాలిక్‌లో స్థిరపడ్డారు. అక్కడ మేము నమాజు చేసిన మస్జిదు ఒకప్పటి చర్చి. ఇక్కడి మస్జిదులో అజాన్ వినిపించి వందేళ్ళు గడిచాయి. రెండు గట్ల వారికీ ఇల్లు పోవడమంటే ఏమిటో తెలుసు. అందుకే కాబోలు, 2015లో మొదటి పడవలు వచ్చినప్పుడు ప్రభుత్వాలకంటే ముందు స్కాలా సికమ్నియాస్ జాలరులూ, ముసలమ్మలూ నీళ్ళలోకి దిగారు. ఎనభై అయిదు వేల జనాభా గల ద్వీపంలోకి ఆ ఒక్క ఏడాది సుమారు అయిదు లక్షల మంది వచ్చారు. ఈ సంగతి చెప్పకుండా పాశ్చాత్యులను నిందించడం అన్యాయం. ఆ ఏడాది జర్మనీ తలుపు తెరిచినదన్నదీ నిజమే.

చరిత్రలో మరొక పుట ఉంది. దానిని ఐరోపా నాయకులు అరుదుగా తిరగేస్తారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నాజీ ఆక్రమణ నుండీ ఆకలి నుండీ తప్పించుకోవడానికి ఈజియన్ ద్వీపాల గ్రీకులు చిన్నచిన్న పడవల్లో ఇటునుండి అటు, టర్కీ తీరానికి పారిపోయారు. 1942లో బ్రిటిష్ వారు మధ్యప్రాచ్యంలో శరణార్థుల శిబిరాలు నెలకొల్పారు. గ్రీకులూ యుగోస్లావులూ వేలాదిగా వాటిలో తలదాచుకున్నారు. ఆ శిబిరాలు ఎక్కడ? ఈజిప్టులో ఎల్ షాత్, సిరియాలో అలెప్పో, గాజాలో నుసైరాత్. ఈ పేర్లను పాఠకులు మరొక్కసారి చదవాలని కోరుతున్నాము. డెబ్భై ఏళ్ళ తరువాత అలెప్పో బిడ్డలు అదే నీటిపై ఎదురుదిశలో వచ్చారు. నుసైరాత్ నేటికీ శరణార్థుల శిబిరమే. అందులో ఉన్నవారు మాత్రం మారారు, 1948లో ఇళ్ళు పోగొట్టుకున్న పాలస్తీనియులు, వారి సంతానం.

ఇక ఈ జనం ఇళ్ళెందుకు విడిచారో విచారిద్దాము. సిరియా ప్రజలను తరిమిన నేరంలో పెద్దపాలు వారి సొంత పాలకులదే. ఇరాక్ సంగతి వేరు. లేని ఆయుధాల పేరుతో 2003లో ఆ దేశంపై దండెత్తినది అమెరికా, బ్రిటన్. పోలండ్, డెన్మార్క్, హంగరీ కూడా సైనికులను పంపాయి. ఆ హంగరీయే 2015లో సరిహద్దు పొడవునా ముళ్ళకంచె వేసింది. ఆ డెన్మార్కే 2016 జనవరిలో, శరణార్థుల వద్ద పదివేల క్రోనర్లకు మించిన విలువైన వస్తువులుంటే స్వాధీనం చేసుకోవచ్చునని చట్టం చేసింది. సైన్యాన్ని పంపడానికి లేని సరిహద్దు, ఆ యుద్ధం నుండి పారిపోయి వచ్చిన మనిషికి ఎలా పుట్టుకొచ్చింది?

2016 మార్చిలో ఐరోపా సమాఖ్య టర్కీతో బేరం కుదుర్చుకుంది: ఆరు వందల కోట్ల యూరోలు, బదులుగా ద్వీపాలకు వచ్చినవారిని వెనక్కి తీసుకోవడం. అంతటితో లెస్బోస్ దారి కాకుండా ఆగిపోయింది, నిరీక్షణశాల అయింది. మూడు వేల మందికి కట్టిన మోరియా శిబిరంలో 2020 ఆరంభానికి దాదాపు ఇరవై వేల మంది ఉన్నారు. చుట్టూ ఉన్న ఆలివ్ తోటల్లోకి టార్పాలిన్ గుడారాలు పాకాయి. ఆ ఏడాది సెప్టెంబరులో శిబిరం తగలబడింది. ఇప్పుడు కొత్త శిబిరం సముద్రపు ఒడ్డున, పూర్వం సైన్యం కాల్పుల అభ్యాసం చేసిన స్థలంలో ఉంది. మేము దానిని కంచె బయటినుండి మాత్రమే చూశాము.

చేయదలచుకుంటే చేయగలరని 2022లో తేలింది. ఉక్రెయిన్‌పై దాడి మొదలైన కొద్దిరోజులకే ఐరోపా సమాఖ్య తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని అమలులోకి తెచ్చింది. విచారణల కోసం ఏళ్ళతరబడి కాచుకోనక్కరలేకుండా నివాసం, పని, బడి, వైద్యం దక్కాయి. అదీ 2001 నాటిదే. ఓడల జరిమానా ఆదేశం వచ్చిన మూడు వారాలకు రూపొందినది. ఇరాకీల కోసం, సిరియన్ల కోసం ఇరవై ఏళ్ళపాటు దానిని ఎవరూ బయటకు తీయలేదు. ఉక్రెయిన్ వారిని డెన్మార్క్ తన నగల చట్టం నుండి మినహాయించింది కూడా. ఉక్రెయిన్ తల్లులకు లభించిన ఆదరణను మేము ఆక్షేపించడం లేదు. అది సరిగ్గా ఉండవలసిన విధంగానే ఉంది. ఆ కొలత మిగతావారికి ఎందుకు లేదన్నదే మా అభ్యంతరం.

ఈ వేలు ఒకవైపే చూపడం కూడా తగదు. టర్కీ ముప్పై ఆరు లక్షల సిరియన్లను భరించింది. చిన్న లెబనాన్ పది లక్షలకు పైగా భరించింది. సంపన్న గల్ఫ్ రాజ్యాలు నేటికీ 1951 ఒప్పందంపై సంతకం చేయలేదు. మక్కాలో హింసకు గురైన విశ్వాసులకు హబషాలో ఆశ్రయమిచ్చిన నజాషీ క్రైస్తవ రాజన్న సంగతిని మనం పిల్లలకు చెబుతూనే ఉంటాము కదా.

చివరి రోజున కాటో త్రితోస్ గ్రామం దగ్గరి ఆలివ్ తోటకు వెళ్ళాము. ఊళ్ళోని శ్మశానంలో చోటు చాలక, 2015లో మునిగిపోయినవారికై ఇక్కడ స్థలం కేటాయించారు. ఇంటినుండి ఎవరూ రాలేని జనాజాలివి. తోటి శరణార్థులే, పరాయివారే మట్టి వేశారు. కొన్ని సమాధులు మూరెడు పొడవే ఉన్నాయి. కొన్నింటిపై పేరు లేదు, ‘అజ్ఞాత’ అని మాత్రమే ఉంది. ముఖాలు ఖిబ్లా వైపుకు, అంటే ఆగ్నేయానికి తిప్పి పడుకోబెట్టారు. మేము సలాం చెప్పి, ఫాతిహా చదివి, ఆ చిన్న సమాధుల దగ్గర మరికాసేపు నిలబడ్డాము.