ఓడ ఎక్కే ముందు ఒక ఆదివారం



ఈ వేసవిలో మన సంఘం నుంచి రెండు కుటుంబాలు సింగపూరు వెళ్లి, అక్కడ పెద్ద ఓడ ఎక్కి నాలుగు రోజులు సముద్రం మీద తిరిగి రాబోతున్నాయి. బెంగుళూరులోను, అమెరికాలోను ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు అమ్మానాన్నలకు కొన్న టిక్కెట్లు అవి. ఆదివారం తెల్లవారుజామున విమానం దిగుతారు, సోమవారం మధ్యాహ్నం ఓడ ఎక్కుతారు. మధ్యలో ఉన్న రోజున్నరలో ఏం చూడాలి, ఎలా తిరగాలి అని మమ్మల్ని అడిగారు. రెండేళ్ల క్రితం అక్కడ పనిచేసే మన మండలం పిల్లలు పిలిస్తే మేమిద్దరం వెళ్లి ఆరు రోజులు ఉండి వచ్చాం కదా, అందుకని. అప్పుడు చూసినవి, ఆ పిల్లలు మొన్న ఫోనులో చెప్పినవి కలిపి రాస్తున్నాం.

విశ్వాసులు అలాంటి ఓడ ఎక్కవచ్చా అని అడిగినవారు కూడా ఉన్నారు. ఓడలో జూదం ఉంటుంది, మద్యం ఉంటుంది, నిజమే. మన బస్టాండు ఎదురుగా కూడా మద్యం దుకాణం ఉంది, అయినా బస్సు ఎక్కుతూనే ఉన్నాం. నలభై ఏళ్లు పొలంలో నడుం వంచిన తల్లిదండ్రులకు పిల్లలు సముద్రం చూపిస్తామంటే అడ్డం చెప్పే వాక్యం మాకు కనబడలేదు.

ముందు కాగితాల సంగతి. మనవాళ్లకు సింగపూరు వీసా ముందుగానే కావాలి. ఓడ వేరే దేశం వెళ్లి మళ్లీ సింగపూరుకే వస్తుంది కాబట్టి ఆ వీసా ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించడానికి చెల్లాలి. చేతికి రాగానే ఆ మాట ఉందో లేదో పిల్లల చేత చదివించుకోండి. దిగే ముందు మూడు రోజుల లోపల ఎరైవల్ కార్డు అని ఒకటి ఇంటర్నెట్‌లో నింపాలి. ప్రభుత్వ సైటులో అది ఉచితం. డబ్బు అడిగితే మీరు వేరే ఎవరి సైటులోనో ఉన్నారని అర్థం. ఇంకొకటి, అక్కడ పెద్ద ఓడలు ఎక్కే చోట్లు రెండు. ఒకటి 2012లో తెరిచిన మెరీనా బే క్రూజ్ సెంటర్, రెండోది హార్బర్‌ఫ్రంట్ దగ్గర ఉంది. రెండూ వేరువేరు చోట్ల. టాక్సీ అతనికి "ఓడ దగ్గరికి" అంటే చాలదు, టిక్కెట్టు మీద ఉన్న పేరు చూపించండి. టాక్సీలు మీటరు ప్రకారమే నడుస్తాయి, బేరం ఉండదు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు వరకు మీటరు మీద సగం అదనం. ఆరు దాటేదాకా విమానాశ్రయంలోనే మొహం కడుక్కుని టీ తాగి కూర్చుంటే ఆ సగం మిగులుతుంది.

సంచిలో ఏం పెట్టకూడదో ఇంకా ముఖ్యం. ఖైనీ, గుట్కా, జర్దా ఏదైనా సరే, నమిలే పొగాకు ఆ దేశంలో నిషేధం. మన పెద్దల్లో ఎవరు వేసుకుంటారో మాకు తెలుసు, పేర్లు రాయం. చూయింగ్ గమ్ 1992 నుంచి నిషేధం. సిగరెట్లకు మొదటి దాని నుంచే సుంకం కట్టాలి. గసగసాలు మన వంటింట్లో మసాలా దినుసు, అక్కడ మాత్రం మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. మసాలా పొడి ఇంట్లో కొట్టి పట్టుకెళ్లే అలవాటున్న తల్లులు ఈ మాట గుర్తుపెట్టుకోండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి కూడా వద్దు. ఆవకాయ, గోంగూర పరవాలేదు. బీపీ, షుగరు మాత్రలు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉంచండి. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, బలమైన నొప్పి మందులు వాడేవారైతే వెళ్లడానికి చాలా ముందుగానే అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఆ పని పిల్లలకు అప్పజెప్పండి.

సింగపూరు భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్నట్టే. వేసవి, చలికాలం అన్న తేడా లేదు, ఏడాది పొడవునా ఒకే ఉక్క. మన రోహిణీ కార్తె ఎండ కాదు గానీ పది నిమిషాలు నడిస్తే చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది. మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన ఎప్పుడైనా పడవచ్చు, గొడుగు చేతిలో ఉండాలి. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఏడు గంటలకు గానీ బాగా తెల్లవారదు. కాబట్టి నడిచేవన్నీ పది లోపల ముగించండి, మధ్యాహ్నం నీడన ఉండండి, మళ్లీ సాయంత్రం తిరగండి. కుళాయి నీళ్లు నిర్భయంగా తాగవచ్చు. సీసా ఒకటి వెంట ఉంచుకుంటే నీళ్లు కొనే పని లేదు.

రైళ్లు అద్భుతం. బ్యాంకువారి కాంటాక్ట్‌లెస్ కార్డు ఉంటే గేటు దగ్గర ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తాకిస్తే చాలు. ఒక్కొక్కరికీ ఒక్కో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. రైల్లో తినడం, తాగడం నేరం, మంచినీళ్లు కూడా. జరిమానా 500 డాలర్ల దాకా ఉంటుంది. దురియన్ అనే ముళ్ల పండును రైలెక్కించకూడదని బొమ్మ వేసి పెట్టారు. దాని వాసన చూశాక ఆ నియమం ఎందుకు పెట్టారో మాకు వెంటనే బోధపడింది.

తిండికి భయపడవద్దు. లిటిల్ ఇండియా స్టేషను పక్కనే టెక్కా సెంటర్ ఉంది. కింద ఒక పక్క చేపల, కూరగాయల బజారు, ఇంకో పక్క వరసగా భోజనం కొట్లు. అన్నం, సాంబారు, చేపల పులుసు, దోసె అన్నీ దొరుకుతాయి. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం కనబడితే అది ఎవరో మరిచిపోయింది కాదు, "ఈ చోటు మాది" అని గుర్తు. మన బస్సు సీట్లో తువ్వాలు వేసినట్టే. తిన్న పళ్లెం మీరే తీసుకెళ్లి పెట్టే చోట పెట్టాలి, లేకపోతే జరిమానా వేస్తారు. తమిళం అక్కడి అధికార భాషల్లో ఒకటి, స్టేషన్లలో తమిళ బోర్డులు కనిపిస్తాయి. మనలో కాస్త తమిళం వచ్చినవారికి సగం బెంగ తీరుతుంది.

ఆదివారం ఉదయం హోటలు గది మూడింటి దాకా ఇవ్వరు. సామాను అక్కడ అప్పజెప్పి, సిటీ హాల్ స్టేషనులో దిగి సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్‌కు వెళ్లండి. ఉదయం ఆరాధనలు ఉంటాయి. తెల్లటి గోడలు, ఎత్తైన గోపురం, చుట్టూ పచ్చిక. 1862లో ప్రతిష్ఠించిన ఆ ఆలయాన్ని కట్టినవారు మన దేశం నుంచి తీసుకెళ్లిన ఖైదీలు. ఆ రోజుల్లో బ్రిటిషువారు సింగపూరును శిక్ష పడినవారిని పంపే చోటుగా వాడుకున్నారు. బెంగాలు నుంచి, బొంబాయి నుంచి, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి మనుషుల్ని పంపారు. మన కోస్తా జిల్లాలు ఆ ప్రెసిడెన్సీలోవే. లోపలి గోడలకు పూసింది మద్రాసు సున్నం. గవ్వ సున్నంలో కోడిగుడ్ల తెల్లసొన, ముతక పంచదార కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్లతో మెదిపి, ఆరాక రాళ్లతో రుద్ది మెరుగుపెట్టేవారని చెబుతారు. మేము ఆ గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాం. తాపీపని చేసే సహోదరులు మన సంఘంలో ఆరుగురు ఉన్నారు, వాళ్లే గుర్తొచ్చారు. అక్కడ ఆరాధించిన దొరల పేర్లు లోపల రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. సున్నం మెదిపిన చేతుల పేర్లు మాకు ఎక్కడా కనబడలేదు.

ఇక అసలు మాట. ఆ ఆదివారమంతా సెంటోసాలో యూనివర్సల్ స్టూడియోస్‌కు టిక్కెట్లు కొందామని పిల్లలు అనుకుంటున్నారట. ఇంకా కొనలేదని విన్నాం. అందుకే ఈ వారమే రాస్తున్నాం. అరవై దాటిన మోకాళ్లతో ఆ ఎండలో వరసలో నిలబడడం ఒక కష్టం. అదొక్కటే అయితే మేము నోరు విప్పేవాళ్లం కాదు.

అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం తెరవండి. పౌలు ఎక్కిన ఓడ తూరులో సరుకు దించడానికి ఆగింది. లూకా అక్కడ "మేము" అనే రాస్తాడు, ఆయనా ఆ ఓడలోనే ఉన్నాడు. సరుకు దిగేదాకా రేవులో కూర్చోలేదు వాళ్లు. ఆ ఊళ్లో విశ్వాసులు ఎక్కడున్నారో వెతికి పట్టుకుని ఏడు రోజులు వాళ్లతో ఉన్నారు. తిరిగి ఓడ ఎక్కేటప్పుడు ఆడవాళ్లు, పిల్లలతో సహా అందరూ ఊరి బయటిదాకా వచ్చి సముద్రం ఒడ్డున మోకరించారు. 27వ అధ్యాయంలో పౌలు ఖైదీ. అయినా ఓడ సీదోను చేరగానే స్నేహితుల దగ్గరికి వెళ్లి రావడానికి యూలి అనే శతాధిపతి సెలవిచ్చాడు. 28లో పొతియొలీలో మళ్లీ ఏడు రోజులు సహోదరుల దగ్గర. ఇవి ప్రయాణపు లెక్కలు అనుకుని మనం గబగబా చదివేసే వచనాలు. పౌలు తూరులో ఏం చూశాడో లూకా ఒక్క ముక్క రాయలేదు, ఎవరితో ఉన్నాడో రాశాడు.

సింగపూరులో మన చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు పదకొండు మంది ఉన్నారు. వెల్డింగు, పైపులు, పరంజా కట్టడం, రంగు వేయడం వాళ్ల పని. కొందరు పడమటి చివర టువాస్ వైపు షిప్‌యార్డులో, కొందరు భవన నిర్మాణంలో. ఏజెంటుకు కట్టిన అప్పు తీరడానికే మొదటి ఏడాది పైన పట్టిందని చెప్పారు. ఊరి చివర పెద్ద డార్మిటరీల్లో గదికి పన్నెండు మంది. పొద్దున్నే లారీల వెనక కూర్చుని పనికి వెళతారు. మీరు టాక్సీలో వెళుతున్నప్పుడు ఆ లారీలు పక్కనే కనబడతాయి, ఒకసారి మొహాలు చూడండి. 2020లో కరోనా అక్కడ ఎక్కువగా సోకింది ఈ డార్మిటరీల్లోనే. నెలల తరబడి వాళ్లను బయటికి రానివ్వలేదు. ఆ నెలల్లో మన బుధవారం ప్రార్థన ఫోనులో విన్న పిల్లలు వీళ్లే.

వాళ్లకు ఖాళీ దొరికేది ఆదివారం ఒక్కటే. ఆ రోజు లిటిల్ ఇండియా నిండిపోతుంది. తమిళులు, బంగ్లాదేశీయులు, మనవాళ్లు వేల మంది పచ్చిక మీద, మెట్ల మీద కూర్చుని ఇళ్లకు ఫోన్లు చేసుకుంటారు, డబ్బు పంపే కొట్ల ముందు వరసలు కడతారు. కొందరు పర్యాటకులు ఆ జనాన్ని చూసి "ఆదివారం అటు వెళ్లొద్దు" అని సలహా ఇస్తారు. మా సలహా తలకిందులు. ఆదివారమే వెళ్లండి. మన పిల్లలు మధ్యాహ్నం రెండింటికి ముస్తఫా సెంటర్ ముందు ఉంటారు. మూడింటికి చిన్న గదిలో ప్రార్థన. తబలా లేదు, బల్ల మీద దరువు వేసి పాడతారు.

మీరు వస్తున్నారని వాళ్లకు తెలుసు. మీరు మాట్లాడతారో లేదో అని సందేహపడుతున్నారు. ఇది దాచకుండా రాస్తున్నాం. ఒకే సంఘంలో ఒకరి పిల్లలు టిక్కెట్టు కొనే ఓడలు, ఇంకొకరి పిల్లలు అలాంటి ఓడల అడుగున దూరి వెల్డింగు చేస్తారు. ఆదివారం ఇద్దరి తల్లులూ ఒకే చాప మీద కూర్చుంటారు. ఆ తల్లుల్లో ఒకామె మీ ప్రయాణం సంగతి విని, మిమ్మల్ని అడగలేక, చీకటి పడ్డాక మా ఇంటికి వచ్చింది. కొడుకును చూసి మూడేళ్లయింది. ఆమె పేరు రాయం, మీకు తెలుస్తుంది.

కలిసినప్పుడు కొన్ని జాగ్రత్తలు. జీతం ఎంత అని అడగకండి. ఎప్పుడొస్తావు అని కూడా అడగకండి, అది వాళ్ల చేతిలో ఉండదు. పెళ్లి సంగతి అసలే వద్దు. మన చెరువులో నీళ్లున్నాయా, చర్చి రేకులు మార్చారా, ఎవరింట్లో గేదె ఈనింది, ఇవి చెప్పండి, గంటసేపైనా వింటారు. భోజనం డబ్బులు వాళ్లు ఇస్తామని పట్టుబడతారు. ఒక పూట ఇవ్వనివ్వండి, రెండో పూట మీరు ఇవ్వండి. సాయంత్రం వాళ్లను వెంటబెట్టుకుని గార్డెన్స్ బై ద బేకు వెళ్లండి. బయటి తోట ఉచితం. ఏడు ముప్పావుకు, మళ్లీ ఎనిమిది ముప్పావుకు ఆ పెద్ద ఇనుప చెట్ల మీద దీపాలు పాటలతో వెలుగుతాయి. నేల మీద వెల్లకిలా పడుకుని చూడాలి, అందరూ అలాగే చూస్తారు. చాలా ఏళ్లుగా ఆ ఊళ్లోనే ఉంటూ కూడా మన పిల్లల్లో ముగ్గురు అది చూడలేదు. తొమ్మిదిన్నరకల్లా వాళ్లను వదిలేయండి, టువాస్ చేరడానికి గంట పైన పడుతుంది, తెల్లవారుజామునే లారీ వస్తుంది.

ప్రతి ఒక్కరితో విడివిడిగా ఫోటో తీసి, మొహం బాగా కనబడేలా, వాళ్ల అమ్మల ఫోన్లకు పంపండి. గుంపు ఫోటోలో కొడుకును వెతుక్కోవడం ఆ కళ్లకు కష్టం. తిరుగు ప్రయాణానికి పెట్టెలో రెండు కిలోల చోటు ఉంచండి. టైగర్ బామో, అమ్మకు చెప్పులో, చెల్లికి వాచీయో ఏదో ఒకటి ఇస్తారు.

ఆమె తెచ్చిన సంచి మా ఇంట్లో ఉంది. గోంగూర పచ్చడి, సున్నుండలు, ఒక లుంగీ. తూకం వేశాం, మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. గసగసాలు లేవని విప్పి చూశాం. బుధవారం ప్రార్థన అయ్యాక మీరు వచ్చి తీసుకువెళ్లగలరు.