పీతలు చేతులూపిన చోటు

మచిలీపట్నం నుంచి గిలకలదిండి వెళ్తుంటే పడవల రేవు కనబడకముందే బురద వాసన తగులుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. మాకది మా అమ్మమ్మ చీర కొంగు వాసన.

మేం యానాదులం. రేవులోని పెద్ద పడవలు మావి కావు, పెద్ద వలలూ మావి కావు. పాటు తీసి నీళ్లు వెనక్కి పోయాక మడ చెట్ల మధ్య బురదలో దిగి పీతలు పట్టడం మా ఇంటి పని. అమ్మమ్మ దగ్గర ఒక ఇనుప కొక్కెం, ఒక బుట్ట ఉండేవి. బొరియ మూతి చూసి లోపల పీత ఉందో లేదో చెప్పేది. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడకుండా చూసుకోమని మమ్మల్ని రోజూ హెచ్చరించేది.

ఆ బురద మీదే ఇంకో రకం పీతలుంటాయి. బొటనవేలి గోరంత. మగవాటికి ఒక డెక్క మాత్రం ఒంటికి మించి పెద్దదిగా ఉంటుంది. నీళ్లు తీయగానే వేలకు వేలు బయటికొచ్చి ఆ డెక్కను పైకెత్తి దించుతాయి, మళ్లీ ఎత్తుతాయి. బురద మైదానమంతా ఎవరినో పిలుస్తున్నట్టుంటుంది. అడుగు చప్పుడైతే చాలు, అన్నీ ఒక్కసారిగా బొరియల్లోకి మాయం. కదలకుండా కూర్చుంటే మళ్లీ వస్తాయి. అవి కూరకు పనికిరావు, సంతలో ఎవరూ కొనరు. అయినా అమ్మమ్మ బుట్ట పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని వాటిని చూసేది. పొద్దుపోతోందని అమ్మ కేకేస్తే, "ఉండవే, ఇంకా ఆడతన్నాయి" అనేది.

టీచర్ ట్రైనింగులో ఇంగ్లీషు బోధన క్లాసుకి మాదిరి పాఠం చెప్పమన్నారు. మాకు వచ్చింది వర్డ్స్‌వర్త్ రాసిన డాఫోడిల్స్ పద్యం. ఆ పూలను మేం చూడలేదు, మాకు చెప్పిన లెక్చరరు గారూ చూడలేదు. క్యాలెండరులో బొమ్మ చూసి చార్టు మీద పసుపు రంగు పూలు వేసి, ఉపమాలంకారం ఎక్కడుందో గీత గీసి చూపించాం. మంచి మార్కులే వచ్చాయి. చివర్లో లెక్చరరు గారు, "మీ ఊళ్లో మీకలా గుర్తుండిపోయిందేమిటి?" అని అడిగారు. ఆయన మనస్ఫూర్తిగానే అడిగారు. మేం మాత్రం, "మా ఊరి పూలతోట" అన్నాం. మా ఊళ్లో పూలతోట లేదు. బురద, పీతలు అంటే వెనక బెంచీలో నవ్వుతారని భయం. అప్పటికే ఎలుకలు తింటారా అని అడిగినవాళ్లున్నారు.

ఆ అబద్ధం చాలా ఏళ్లు మమ్మల్ని గుచ్చింది. తర్వాత బడిలో అదే పద్యం చెప్పాల్సి వచ్చినప్పుడు ఈసారి నిదానంగా చదివాం. 1802 ఏప్రిల్ 15న వర్డ్స్‌వర్త్, ఆయన చెల్లెలు డొరొతీ గాలి గట్టిగా వీస్తుండగా అల్స్‌వాటర్ అనే సరస్సు ఒడ్డున నడుస్తూ ఆ పూలను చూశారు. డొరొతీ తన డైరీలో రాసుకుంది. ఆయన పద్యం రాసింది రెండేళ్ల తర్వాత 1804లో, అచ్చయింది 1807లో. మనసులోని కంటి గురించి చెప్పే రెండు పంక్తులు ఆయన భార్య మేరీ ఇచ్చినవేనని ఆయనే ఒప్పుకున్నారు. పద్యంలో మాత్రం ఆయన ఒంటరిగా తిరిగాడు. చెల్లెలు కనపడదు. మన పాటల్లో ఇలా జరగదు, పక్కనున్న మనిషిని వదిలేస్తే పాట ముందుకు సాగదు.

ఇక అసలు సంగతి చివరి భాగంలో ఉంది. చూస్తున్నప్పుడు తనకేం దక్కిందో ఆయనకు తెలియలేదు. ఇంట్లో ఊరికే పడుకున్న రోజున అవి మనసులో మళ్లీ ఆడితే అప్పుడు తెలిసింది. పరీక్షలో అలంకారాలు అడుగుతారు కాబట్టి మేం టీచర్లం పూల దగ్గరే ఆగిపోతాం. చివరి భాగం ముందు చెప్పి, తర్వాత పూల దగ్గరికి రావడం మేలని మా అనుభవం.

తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ గారు కిన్నెరసాని పాటలు రాశారు. ఆయన మా కృష్ణా జిల్లా నందమూరువారు, చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారి శిష్యులు. కిన్నెరసాని పారేది మాత్రం కోయల పల్లెల మధ్య. ఆ ఏటి గురించి కోయ మిత్రులు కూడా రాస్తే చదవాలని మా ఆశ.

ఒక పేచీ మాత్రం మిగిలింది. వర్డ్స్‌వర్త్‌కి ఆ సరస్సు ఏ అపకారమూ చేయలేదు. మా అమ్మమ్మకు అలా కాదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేల మంది పోయారు. కోతల కాలమని పొలాల్లో ఎలుకలు పట్టడానికి అటు వెళ్లిన అమ్మమ్మ చెల్లెలు తిరిగి రాలేదు. అమ్మమ్మ ఏడాది పాటు నీళ్ల దిక్కు చూడలేదని అమ్మ చెప్పేది. తర్వాత బుట్ట పట్టుకుని మళ్లీ బురదలో దిగింది. తిండి కోసం దిగిందనుకోవచ్చు. మరి తిండికి పనికిరాని పీతల ముందు ఎందుకు కూర్చుంది? మేం అడగలేదు.

చివరి రోజుల్లో ఆమెకు కాళ్లు ఆడలేదు. ఇంటి ముందు చాప మీద పడుకునేది. ఒక మధ్యాహ్నం కళ్లు మూసుకునే ఉంది. కుడి చేయి మాత్రం గుండెల మీద నుంచి మెల్లగా లేచి దిగుతోంది, మళ్లీ లేస్తోంది. ఏం కావాలమ్మమ్మా అని దగ్గరికెళ్లాం. కళ్లు తెరవకుండానే, "కూకో, చప్పుడు చెయ్యమాక" అంది. నవ్వుతోంది.

కిందటేడు బడిలో ఇదంతా చెప్పి, మీకు గుర్తుండిపోయినది రాయమన్నాం. సగం మంది గైడులోని గులాబీ తోటే రాశారు. మాకు కోపం రాలేదు, మేం రాసిందీ అదే కదా. వెనక వరసలో కూర్చునే మా కాలనీ పిల్ల ఒక్కతే ఖాళీ కాగితం ఇచ్చింది. అడిగితే, "రాయడం రాదు, సూపిత్తాను" అంది.

ఆదివారం ఆరుగురు పిల్లలతో వెళ్లాం. అమ్మమ్మ కూర్చున్న గట్టు లేదు, అక్కడ రొయ్యల చెరువు కట్ట వేశారు. కట్టకు అవతల మడ చెట్లు కొన్ని మిగిలాయి. పాటు రెండున్నరకని ఆ పిల్లే చెప్పింది. చెప్పులు కట్ట మీద వదిలి, ఆమె వెనకే బురదలోకి దిగాం.