మళ్లీ అదే మైదానంలోకి

మేము అక్కాతమ్ముళ్లం. నాన్నగారికి మూడేళ్లకోసారి బదిలీ. ఇది మా నాలుగో బడి. చేరిన రెండో వారమే ఉదయం ప్రార్థన సభలో మా ఇద్దరికీ పని అప్పగించారు. మాలో అక్క హిందీ వార్తలు చదువుతూ మధ్యలో ఆగిపోయింది. తమ్ముడు ప్రతిజ్ఞ చెప్పిస్తూ ఒక వాక్యం మింగేశాడు. వరుసల్లో నవ్వులు. ఇంటికొచ్చి ఇద్దరం ఒకే మాట అనుకున్నాం: త్వరగా బదిలీ అయిపోతే బాగుండు!

ఆ నెలలోనే లైబ్రరీ పీరియడ్‌లో జో నక్స్‌హాల్ గురించి చదివాం. ఆయన అమెరికాలో బేస్‌బాల్ పిచ్చర్. పిచ్చర్ అంటే పిచ్చివాడు అనుకోకండి! క్రికెట్‌లో బౌలర్ లాంటివాడు. బంతి నేలకు తగలకుండా నేరుగా విసరాలి. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కి ఒక బేస్ ఊరికే వస్తుంది.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. బాబ్ ఫెల్లర్ లాంటి పేరున్న పిచ్చర్లే సైన్యంలో చేరిపోవడంతో జట్లకు ఆటగాళ్లు కరువయ్యారు. సిన్సినాటి రెడ్స్ జట్టువారు జో తండ్రి ఆట చూడడానికి వెళ్లి, కొడుకు విసురు చూసి అతణ్ణి తీసుకున్నారు.

1944 జూన్ 10. జోకి ఇంకా 16 నిండలేదు, చదివేది తొమ్మిదో తరగతి. సెయింట్ లూయిస్ కార్డినల్స్ మీద రెడ్స్ 13 పరుగులు వెనకబడి ఉంది. చివరి ఇన్నింగ్స్‌లో ఆ కుర్రాణ్ణి పంపారు. ఇద్దరిని ఔట్ చేశాడు. మూడో ఔట్ రానే లేదు. ఐదుగురికి బేస్ ఊరికే ఇచ్చేశాడు. రెండు హిట్లు, ఐదు పరుగులు. అతణ్ణి వెనక్కి పిలిచేశారు. రెడ్స్ 18–0తో ఓడిపోయింది.

తరువాత జో బడి చదువు పూర్తిచేశాడు, చిన్న లీగుల్లో ఏళ్ల తరబడి ఆడాడు. 1952లో మళ్లీ అదే రెడ్స్ జట్టుకు, అదే క్రాస్లీ ఫీల్డ్ మైదానానికి వచ్చాడు. 1955, 1956లో ఆల్‌స్టార్ జట్టుకు ఎంపికయ్యాడు. 1966 వరకు ఆడి మొత్తం 135 విజయాలు సాధించాడు.

మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఆ 135 కాదు, అదే చోటికి తిరిగి రావడం. మనం బదిలీల పిల్లలం. ఒక బడిలో తప్పు చేస్తే రెండు మూడేళ్లలో ఆ బడే వెనక ఉండిపోతుంది. నవ్వినవాళ్లు మళ్లీ కనబడరు. హమ్మయ్య అనుకుంటాం. కానీ రెండో బడిలో తమ్ముడు సగంలో వదిలేసిన పరుగుపందెం, మూడో బడిలో అక్క మరిచిపోయిన పద్యం ఇప్పటికీ అలాగే ఉండిపోయాయి. వాటిని సరిచేసుకుందామంటే ఆ ఊళ్లకు మళ్లీ వెళ్లలేం.

అందుకే మేడంగారి దగ్గరకు వెళ్లి ఇంకో అవకాశం అడిగాం. నెల రోజులు సాయంత్రాలు క్వార్టర్స్ డాబా మీద గట్టిగా చదివాం. ఆ రోజు రానే వచ్చింది. అక్క ఒకచోట తడబడింది కానీ ఆగలేదు. తమ్ముడు ప్రతిజ్ఞ అంతా చెప్పించాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్వనూ లేదు.

మార్చిలో నాన్నగారి బదిలీ ఉత్తర్వు రావచ్చు. వస్తే వెళ్తాం. ఈసారి మాత్రం మాకు తొందరేమీ లేదు.