గరాజ్‌లో అమ్మానాన్నల ఇల్లు

కాలిఫోర్నియా బే ఏరియాలో మనవాళ్లు కొనుక్కున్న పాత మేడ ఇళ్లలో చాలావాటిది ఒకటే తీరు. కింద హాలు, వంటిల్లు, స్నానానికి వీల్లేని చిన్న బాత్‌రూమ్. పడకగదులన్నీ పైన. ముందువైపు రెండు కార్లు పట్టే గరాజ్. ముప్పై అయిదేళ్ల వయసులో ఇల్లు కొనేటప్పుడు మెట్లు కంటికి ఆనవు. డెబ్బై దాటిన అమ్మానాన్నలు వచ్చి దిగాకే అవి కనపడతాయి.

మా అమ్మ పొద్దున కిందికి దిగితే మళ్లీ రాత్రికే పైకి ఎక్కేది. మధ్యాహ్నం నడుము వాల్చాలంటే హాల్లో సోఫాయే దిక్కు. పిల్లలు, వాళ్ల స్నేహితులు, కొరియర్ అబ్బాయి అందరూ మసలే చోట చీర కొంగు నిండా కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకునేది. నాన్న రెండు మోకాళ్లూ పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఒక నిమిషం పైకి చూసి, అప్పుడు మొదటి మెట్టు ఎక్కేవారు. ఇంట్లో మెట్లు అడ్డం రాని ఖాళీ స్థలం ఏదని వెతికితే గరాజ్ ఒక్కటే తేలింది.

ఆ గరాజ్‌లో కారు నిలబడి ఎన్నేళ్లయిందో. సోనా మసూరి బస్తాలు, నిలువెత్తు ఫ్రీజర్, ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు, పూజలకి తీసే పెద్ద గిన్నెలు. ఒక మూల ప్రొపేన్ సిలిండర్, దాని మీద రెండు బర్నర్ల పొయ్యి. ఇంట్లో చేపల వాసన, పోపు ఘాటు రాకూడదని తెలుగిళ్లలో చాలామంది గరాజ్‌లో ఇలాంటి పొయ్యి పెట్టుకుంటారు. సందర్భం వచ్చింది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. ప్రొపేన్ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోదు, నేలబారున పరుచుకుంటుంది. అదే గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ మంట వెలుగుతూ ఉంటుంది. పెట్రోలు ఆవిరి కూడా ఇలాగే నేలబారున పరుచుకుంటుందనే గరాజ్‌లో హీటర్ మంటని సాధారణంగా నేలకి 18 అంగుళాలు పైన ఉంచాలని బిల్డింగ్ కోడ్ చెబుతుంది. సిలిండర్‌ని ఇవాళే బయటికి మార్చండి.

స్థలం అవసరాన్ని బట్టి రూపు మార్చుకోవడం మనకి కొత్త కాదు. మా అమ్మమ్మగారి ఊళ్లో ఎడ్లూ బండీ పోయాక సావిడికి గోడలు లేపి కొత్త కోడలికి గది చేసేవారు. ఇక్కడా అంతే. పాలో ఆల్టోలో ఆడిసన్ అవెన్యూ మీద హ్యూలెట్, ప్యాకార్డ్ 1939లో కంపెనీ పెట్టిన చిన్న గరాజ్‌ని కాలిఫోర్నియా రాష్ట్రం చారిత్రక చిహ్నంగా గుర్తించి, సిలికాన్ వ్యాలీ పుట్టినచోటు అని ఫలకం పెట్టింది. గూగుల్ 1998లో మెన్లో పార్క్‌లో ఒక అద్దె గరాజ్ నుంచి నడిచింది. మన పిల్లల కూచిపూడి అభ్యాసాలు, కర్ణాటక సంగీతం పాఠాలు కూడా ఎన్నో గరాజ్‌లలోనే సాగుతున్నాయి. (కాంక్రీటు మీద అడుగు వేయించే తల్లిదండ్రులు కింద చెక్క నేల వేయించండి. పదేళ్ల పిల్ల మోకాళ్లు కూడా మోకాళ్లే.)

అయితే పని చేసుకునే గరాజ్ వేరు, మనిషి నిద్రపోయే గరాజ్ వేరు. ఈ తేడా పట్టించుకోకపోవడం మనవాళ్లలో చాలాచోట్ల చూశాను. ఒక లాంగ్ వీకెండ్‌లో కార్పెట్ పరిచి, షట్టర్‌కి లోపలినుంచి ప్లైవుడ్ కొట్టించి, మంచం వేసి, ఎక్స్‌టెన్షన్ కార్డుతో హీటర్ పెట్టి "అత్తయ్యగారి గది" అంటారు. సిటీకి తెలియదు, ఇన్సూరెన్స్‌కి తెలియదు. ఆ గదికి బయటికి పోయే కిటికీ ఉండదు, పొగ అలారం ఉండదు. 2021 సెప్టెంబరు 1 రాత్రి ఐడా తుపాను శేషం న్యూయార్క్ మీద కుండపోతగా కురిసినప్పుడు, ఎక్కువగా క్వీన్స్‌లో, బేస్‌మెంట్ ఇళ్లలో పదిమందికి పైగా నీళ్లలో చిక్కుకుని చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది వలస వచ్చిన కుటుంబాల వాళ్లే. ఆ ఇళ్లలో చాలావాటికి అనుమతి లేదు. పర్మిట్ అంటే డబ్బు గుంజడానికి పెట్టిన కాగితం అనుకునేవాళ్లు ఆ రాత్రిని ఒక్కసారి తలుచుకోవాలి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఇప్పుడు దొంగచాటు పని చేసుకోవలసిన అవసరమే లేదు. ఇళ్ల కొరత భరించలేక రాష్ట్రం 2017 నుంచి చట్టాలు వరసగా సడలించింది. 2020 జనవరి 1 నుంచి అమలైనవి మరీ మేలు చేశాయి. ఇంటికి అనుబంధంగా, సొంత వంట, స్నానం, తలుపు ఉన్న చిన్న ఇంటిని ఇక్కడ ఏడీయూ అంటారు. ఉన్న గరాజ్‌ని ఏడీయూగా మారుస్తామంటే, దరఖాస్తు సక్రమంగా ఉన్నప్పుడు సిటీ 60 రోజుల్లో తేల్చి చెప్పాలి. పొరుగువాళ్లని పిలిచి విచారణలు పెట్టకూడదు. పోయిన పార్కింగ్‌కి బదులు చూపించమనకూడదు. 750 చదరపు అడుగుల లోపు అయితే, కొత్త కట్టడాల మీద వేసే ఇంపాక్ట్ ఫీజు వసూలు చేయకూడదు. ఒకే కుటుంబం ఉండే ఇళ్ల స్థలాల్లో ఇంటి యజమానుల సంఘాలు (హెచ్‌ఓఏలు) కూడా వీటిని ఏకంగా నిషేధించడానికి వీల్లేదు.

మాకు తెలిసొచ్చిన ముఖ్యమైన సంగతి ఇక్కడే ఉంది. గరాజ్‌ని వట్టి పడకగదిగా మారుస్తామంటే, కార్లు ఎక్కడ పెడతారని చాలా ఊళ్లు అడ్డుచెప్పవచ్చు. అదే పొయ్యి, బాత్‌రూమ్, విడి తలుపు పెట్టి ఏడీయూ కడతామంటే ఆ ప్రశ్న అడగరు. చట్టం ఇళ్ల కొరత కోసం చేశారు గాని, ముసలివాళ్లకి గది కంటే ఇల్లు కట్టడమే తేలికైంది. దానికి నేను ఈ రాష్ట్రానికి రుణపడి ఉంటాను.

నాన్న రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కాంట్రాక్టర్ రాకముందే నేల చూస్తానన్నారు. వంటింట్లోంచి ఒక నిమ్మకాయ తెచ్చి లోపలి గోడ పక్కన గచ్చు మీద పెట్టారు. అది నింపాదిగా దొర్లుకుంటూ పోయి షట్టర్‌కి తగిలి ఆగింది.

"వాటం ఉందమ్మా. ఉండాలి కూడా, కారు మీద నీళ్లు బయటికి పోవాలిగా. కానీ దీని మీద మంచం వేస్తే రాత్రంతా ఒకవైపుకి జారుతూనే ఉంటాం."

ఇరవై అడుగుల పొడవుకి రెండంగుళాల పైనే పల్లం తేలింది. తర్వాత ఆయన గచ్చుకి తడి చూశారు. చదరంగా కోసిన ప్లాస్టిక్ షీటుని నాలుగు అంచులా టేపు వేసి గచ్చుకి అంటించి మర్నాటిదాకా వదిలేశారు. విప్పి చూస్తే షీటు లోపల నీటి బొట్లు, దాని కింద గచ్చు నల్లగా. ఇంటి నేల కింద వేసే తడి ఆపే పొర పాత ఇళ్లలో గరాజ్ కింద తరచు వేయరు. దాని మీదే కార్పెట్ పరిస్తే ఏడాది తిరక్కుండా బూజు పడుతుంది. ఆ బూజు ఆయాసం ఉన్న ముసలివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అందుకని గచ్చు మీద మందపాటి ప్లాస్టిక్ పొర, దాని మీద వాటానికి తగ్గట్టు ఒకవైపు సన్నగా, ఒకవైపు మందంగా కోసిన, చెదపట్టని కలప దూలాలు, వాటి సందుల్లో ఇన్సులేషన్ పలకలు, పైన ప్లైవుడ్ వేశారు. ఇంటి నేలకీ దీనికీ ఒక మెట్టు తేడా ఉండేది, ఆ తేడా పోయేంత ఎత్తు లేపించాం. అలా లేపేటప్పుడు సీలింగ్ ఎత్తు 7 అడుగులకి తగ్గకుండా చూసుకోవాలి. షట్టర్ తీసేసిన చోట గోడ లేపాలంటే కింద పునాది తరచు ఉండదు. మా ఇంట్లోనూ అది కారు దూరే దారి కాబట్టి మొదట కట్టినవాళ్లు పోయలేదు. అక్కడ గచ్చు కోసి కొత్తగా పునాది పోయాల్సి వచ్చింది. ఈ ఖర్చు చాలామంది లెక్కలో ఉండదు.

బాత్‌రూమ్‌ని మాత్రం గచ్చు ఎక్కువ కోయనక్కర్లేని చోట, ఇంట్లో ఉన్న చిన్న బాత్‌రూమ్ గోడకి అటువైపే పెట్టించాం. మురుగు గొట్టానికి అడుగుకి పావు అంగుళం వాలు కావాలి. దూరం పెరిగినకొద్దీ గొయ్యి లోతు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. స్నానం చేసేచోట గట్టు లేదు. పీట వేసుకుని కూర్చుని చెంబుతో పోసుకున్నా నీళ్లు తూముకే పోతాయి. "వాటం ఉండాల్సింది ఇక్కడా" అని నాన్న టైల్స్ వేసే అతనితో చేతులతోనే చెప్పారు. అతనిది మెక్సికో. ఇద్దరికీ ఒక్క ఉమ్మడి భాషా లేదు గాని రసమట్టం మీద బుడగ చూసి ఇద్దరూ ఒకేసారి తలూపారు. గోడకి జిప్సమ్ బోర్డు కొట్టకముందే, పట్టుకునే కమ్మీలు వచ్చే చోట లోపల చెక్క అడ్డలు వేయించండి. తర్వాత వేయించాలంటే గోడ పగలగొట్టాలి. తలుపు 36 అంగుళాల వెడల్పు పెట్టించాం. ఇప్పుడు చేతికర్ర చాలు, రేపు వాకర్ రావచ్చు.

కిటికీ దగ్గర అమ్మకి అనుమానం వచ్చింది. ఇంత కిందికి, ఇంత పెద్దది ఎందుకని. పడుకునే గదికి అది ప్రాణం కాపాడే దారి. కిటికీ తెరిస్తే ఖాళీ కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, నేలమట్టం మీది గదిలో మొత్తం 5 చదరపు అడుగులు ఉండాలి. అడుగు అంచు నేలకి 44 అంగుళాల కంటే ఎత్తులో ఉండకూడదు. లోపలున్నవాళ్లు బయటికి రావడానికే కాదు, వీపున సిలిండరున్న ఫైర్‌మన్ లోపలికి దూరడానికి కూడా. ఆ మాట చెప్పాక అమ్మ ఆ కిటికీకి అడ్డంగా ఏదీ పెట్టనివ్వలేదు.

గడప వద్దంటే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. "గడప లేని ఇల్లేమిటే? లక్ష్మి ఎక్కణ్నుంచి వస్తుంది?" అంది. కాలు తట్టుకునే ఎత్తు ఉండకూడదని మోకాలి డాక్టర్ ముందే చెప్పారు. చివరికి నాన్న దారి చూపారు. నేలతో సమంగా, ఒక్క నూలు కూడా పైకి లేవకుండా, గుమ్మం వెడల్పున టేకు పట్టీ పొదిగించారు. అమ్మ శుక్రవారం శుక్రవారం దానికి పసుపు రాసి బొట్లు పెడుతుంది. ఆఖరి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ వంగి ఆ పట్టీ మీద చెయ్యి రాసి చూశాడు, ఎత్తు ఎక్కడా తగల్లేదు, ముందుకి పోయాడు.

ఇదంతా చేయించాక నాకు బాగా అర్థమైంది పొయ్యి విలువ, తలుపు విలువ. అమ్మ నాలుగున్నరకే లేస్తుంది. పై గదిలో ఉన్నన్నాళ్లూ మా నిద్ర చెడుతుందని ఆరున్నరదాకా చీకట్లో మంచం మీదే కూర్చునేది. కాఫీ కలుపుకోవాలన్నా, పోపు వేయాలన్నా, ఎవరినైనా పిలవాలన్నా నా మొహం చూసేది. నేను ఏనాడూ వద్దనలేదు, అయినా చూసేది. కూతురి ఇల్లయినా పరాయి వంటిల్లే. ఇప్పుడు తన ఇండక్షన్ పొయ్యి మీద డికాక్షన్ కాస్తుంది, బయటికి గాలి తోసే ఎగ్జాస్ట్ కింద ఎండుమిరపకాయలు వేయిస్తుంది. పార్కులో పరిచయమైన పెద్దవాళ్లు ఆవిడ తలుపే కొడతారు. ఈ శ్రావణంలో పేరంటం తనే పెట్టుకుంది. కుంకుమ భరిణె పట్టుకుని, ఇంటి లోపలి తలుపు కాకుండా చుట్టూ తిరిగి మా వీధి గుమ్మం దగ్గరికి వచ్చి బెల్లు కొట్టి, నాకు బొట్టు పెట్టి, "సాయంత్రం రావాలమ్మా" అని పిలిచింది.

ఖర్చు దాచను. బే ఏరియా కూలి రేట్లకి లక్ష డాలర్ల పైమాటే అయింది. దానికి తగ్గట్టు ఆస్తి పన్ను కొంచెం పెరుగుతుంది. 1978 నాటి ప్రపోజిషన్ 13 వల్ల కొత్తగా కట్టిన భాగానికే విలువ కడతారు, పాత ఇంటి లెక్క కదపరు. ఇల్లు అమ్మేరోజున పర్మిట్ ఉన్న గది నివాస స్థలంగా లెక్కకి వస్తుంది, లేని గదిని లేనిదని రాసిచ్చి అమ్మాలి. మన ఇళ్లలో హోమ్ థియేటర్‌కీ, రెండోసారి మార్చే గ్రానైట్‌కీ పోసే డబ్బు నాకు తెలుసు. ముందు ఇది అని నా అభిప్రాయం.

వేరే రాష్ట్రాల వాళ్లకి దారి వేరుగా ఉంటుంది. వాషింగ్టన్ 2023లో ఇలాంటి చట్టమే చేసింది. టెక్సస్‌లో ఊరిని బట్టి, హెచ్‌ఓఏ నిబంధనలని బట్టి ఉంటుంది, వడగళ్లకి కారు బయట పెట్టడం కూడా ఆలోచించుకోవాలి. ఎక్కడైనా సరే మొదటి అడుగు సిటీ బిల్డింగ్ కౌంటరే. ప్లాను కాగితం పట్టుకుని వెళ్లి అడిగితే చాలాచోట్ల మొదటి సలహాకి డబ్బు తీసుకోరు.

అమ్మానాన్నలు వచ్చేది వేసవికే కదా, ఇంకా టైముందిలే అనుకోకండి. డ్రాయింగులు, పర్మిట్, పని అన్నీ కలిపి ఏడాది దగ్గర పడుతుంది. ఈ శనివారం గరాజ్‌లో సామాను ఒక పక్కకి జరిపి, టేపు పెట్టి పొడవు, వెడల్పు, ఎత్తు రాసుకోండి. సోమవారం సిటీకి వెళ్లండి.