బ్యాగులకు కాపలా

మా పిన్ని కూతురు కోనసీమలోని ఒక మండల కేంద్రంలో ఐఈఆర్పీగా పనిచేస్తోంది. ఆటిజం, ఏడీహెచ్‌డీ, మేధోవైకల్యం వంటివి ఉన్న పిల్లలకు భవిత కేంద్రాల్లో పాఠాలు చెప్పే ప్రత్యేక ఉపాధ్యాయులను సమగ్ర శిక్షలో అలా పిలుస్తారు. “అక్కా, మా పీఈటీ గారు ఈ పిల్లలతో ఏం చేస్తున్నారో నువ్వొచ్చి చూడాల్సిందే” అని పట్టుబట్టి రమ్మంది. భవిత కేంద్రం హైస్కూలు ఆవరణలోనే ఉంది. అక్షరాల చార్టులు, వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు వాడే బల్ల, పూసల డబ్బాలు అన్నీ చూపించింది. నా కళ్లు మాత్రం కిటికీ అవతల గ్రౌండు మీదే ఉండిపోయాయి.

అక్కడ పదిహేనేళ్ల కుర్రాడొకడు రెండు చెవులూ మూసుకుని నిలబడ్డాడు. నూనూగు మీసాలు, మంచి పొడగరి. ఆటిజం ఉంది. పీఈటీ గారి మెడలో విజిల్ లేదు. ఆ చప్పుడు ఈ పిల్లవాడి చెవులకు భరించరానిదని తెలిసిన రోజునే ఆయన దాన్ని బీరువాలో పెట్టేశారట. మాటకు బదులు చెయ్యెత్తుతారు, చెయ్యి దించుతారు.

ఆయన చేతిలో ఒక పలక ఉంది. దాని మీద సుద్దముక్కతో నాలుగు బొమ్మలు: నడిచే మనిషి, పరిగెత్తే మనిషి, బంతి, నీళ్ల సీసా. ఒక్కో పని కాగానే పలకను కుర్రాడి ముందుకు చాపుతారు. వాడు బొటనవేలితో ఆ బొమ్మను చెరిపేస్తాడు. తర్వాత ఏం జరగబోతోందో తెలియకపోవడమే ఇలాంటి పిల్లల్లో సగం ఆందోళనకు మూలం. ఎంత మిగిలిందో కళ్లకు కనిపిస్తే వాడి భుజాలు వదులవుతున్నాయి. అది నేను దగ్గర నుంచి చూశాను.

బంతి వంతు వచ్చింది. పాత వాలీబాల్ తోలులో కొబ్బరి పీచు కూరి కుట్టించిన బంతి అది. ఎగరదు, తగిలినా నొప్పి పుట్టదు. పీఈటీ గారు ఒకప్పుడు వాలీబాల్ ఆటగాడు. వేళ్ల కణుపులు ఉబ్బిపోయి ఉన్నాయి. ముందు రెండు అరచేతులూ తెరిచి చూపించారు. బంతిని నేల మీద దొర్లించారు. తర్వాత రెండడుగుల దూరం నుంచి, వేళ్ల చివర్లతో, నడుము ఎత్తులో మెల్లగా వదిలారు. కుర్రాడు మొదట వెనక్కి తగ్గాడు. ఆయన తొందరపెట్టలేదు, ‘శభాష్’ అని అరవలేదు. మళ్లీ అదే ఎత్తు, అదే వేగం. ఈసారి వాడు పట్టుకుని పొట్టకు హత్తుకున్నాడు. ఎందరో పేరున్న శిక్షకుల పని చూశాను గానీ ఇంత ఓపిక ఉన్న చేతులను చూడలేదు.

వరండాలో ఒక తల్లి మా చెల్లెలితో చెప్పుకుంటోంది. ఆమె కొడుకు వేరే బడిలో తొమ్మిదో తరగతి. “ఆటల పీరియడ్లో అందరూ గ్రౌండుకి పోతారండి. మావోణ్ణి మాత్రం బ్యాగులకి కాపలా కూకోబెడతన్నారండి. పడిపోతాడు, ఎవర్నైనా కొడతాడు, మాకెందుకొచ్చిన గొడవ అంటన్నారు. ఇంటికొచ్చి చొక్కా కాలరు కొరుక్కుంటాడండి. రాత్రి ఎంతకీ నిద్రపోడు.”

ఆ మాట వినగానే నాకు ఒళ్లు మండింది. ఆట ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో వాడినే ఏరి మరీ కూర్చోబెడుతున్నాం. ఆటిజం, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో కౌమారానికి వచ్చేసరికి ఆందోళన, దిగులు తోటివారికంటే ఎక్కువగా కనిపిస్తాయి. నిద్ర సరిగా పట్టదు. తీవ్రమైన చికాకు తగ్గడానికి డాక్టర్లు రాసే రిస్పెరిడోన్ వంటి మందులతో ఆకలి పెరిగి బరువు పెరుగుతారు. స్నేహితులు తగ్గిపోతారు. వ్యాయామం ఆటిజాన్ని నయం చేయదు, మందులకు బదులూ కాదు. కానీ ఒంటికి చెమట పట్టిన రోజున నిద్ర పడుతుంది, మనసు కుదుటపడుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు 20 నిమిషాలు వ్యాయామం చేశాక ఏకాగ్రత మెరుగుపడినట్టు 2013లో అమెరికాలో వచ్చిన ఒక పరిశోధన చూపింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్న 5–17 ఏళ్ల పిల్లలకూ రోజుకు సగటున కనీసం 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని చెప్పింది.

మన దగ్గర జరుగుతున్నది వేరు. చిన్నప్పుడు థెరపీ అంటూ తిప్పుతాం. పెద్దయ్యాక సదరం సర్టిఫికెట్, పెన్షన్ దగ్గర ఆగిపోతాం. ఆ మధ్యలో ఉన్న పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయసును ఎవరూ పట్టించుకోరు. పిల్లవాడు ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ ఉన్నవాళ్లకు భయం పెరుగుతుంది. ఆడపిల్లయితే పెద్దమనిషి కాగానే బడే మాన్పించేస్తారు. గడప దాటని ఒంట్లో దిగులు గూడు కట్టుకుంటే, దాన్ని ‘మొండితనం’ అని దెబ్బలు వేసేవాళ్లూ ఉన్నారు.

దీనికి భిన్నంగా జరిగిన చోటూ ఉంది. వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన జీవంజి దీప్తి మేధోవైకల్యంతో పుట్టింది. ఊళ్లో చాలామంది వెక్కిరించారు. బడిలోని పీఈటీ ఆ పిల్ల పరుగును గుర్తించి ప్రోత్సహించాడు. 2024లో కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తిచేసి, తన విభాగంలో అప్పటి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం అందుకుంది. ఆ రోజు ఆమెను కూడా బ్యాగుల దగ్గర కూర్చోబెట్టి ఉంటే? పతకాల సంగతి అటుంచుదాం. ప్రతి పిల్లా దీప్తి కానక్కర్లేదు. రాత్రి నిద్రపోగలిగి, పొద్దున్నే బడికి వెళ్లాలనిపిస్తే చాలు.

పీఈటీ గారు చేస్తున్నదానికి ఖర్చెంత? ఒక పలక, సుద్దముక్క, చిరిగిన బంతి, గుప్పెడు కొబ్బరి పీచు. డబ్బు లేక ఆగిన పని కాదిది. వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణలో ఈ పిల్లల గురించి గట్టిగా నేర్పరు. భవితలోని ఐఈఆర్పీకి, గ్రౌండులోని పీఈటీకి మధ్య గోడ ఒక్కటే అడ్డు. ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోమని టైమ్‌టేబుల్‌లో ఒక్క గంట కేటాయించేవారు లేరు. ఈ బడిలో ఆ గంటను వీళ్లిద్దరూ తమ మధ్యాహ్న విరామంలోంచి తీసుకుంటున్నారు. మంచి మనుషులున్న చోటే జరిగే పని, వాళ్లు బదిలీ కాగానే ఆగిపోతుంది. అందుకే ఇది ఉత్తర్వుగా రావాలి.

చట్టం ఎప్పుడో వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, చదువుతోపాటు ఆటల్లోనూ వినోదంలోనూ ఈ పిల్లలకు ఇతరులతో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతోంది. కాబట్టి పడిపోతాడన్న సాకు చెల్లదు. పడిపోకుండా ఎలా ఆడించాలో నేర్చుకోవడం బడి బాధ్యత. ఈసారి తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లినప్పుడు మార్కుల కంటే ముందు ఒక ప్రశ్న అడగండి: ఆటల పీరియడ్‌లో మా బిడ్డ ఎక్కడుంటున్నాడు? మీ బిడ్డకు ఏ ఇబ్బందీ లేకపోతే, పక్కింటి బిడ్డ కోసం అడగండి.